ఆనప బుర్రలోని గింజలు

వంటింట్లో మిక్సీ ఆగింది. వేయించిన వేరుశెనగ గింజల వాసన హాలు దాకా వచ్చింది. "నాన్నా, ఎంత తిప్పినా పొడిగానే ఉంది. రెండు చెంచాలు నీళ్లు పొయ్యనా?" అని మా అమ్మాయి అడిగింది. ఫోన్లో ఎవరో చూపించిన పద్ధతిలో ఇంట్లోనే పీనట్ బటర్ చేస్తోంది. "వద్దు!" అని నేను అరిచిన అరుపుకు ఉలిక్కిపడి గరిటెతోనే బయటికి వచ్చింది. నీటి చుక్క తగిలితే ముద్ద నాలుగు రోజులు కూడా నిలవదని, ఇంకాసేపు తిప్పితే తన నూనె తనే వదులుతుందని చెప్పాను. "ఇవన్నీ నీకెలా తెలుసు?" అంది. చింతపల్లిలో ఉన్నప్పుడు ఒకావిడ నేర్పిందన్నాను. ఆవిడకు నేనేం చేశానో మాత్రం చెప్పలేదు.

నేను చేసింది ఒక వాక్యం రాయడం. "ఇప్పుడే చేలోంచి తీసిన కొత్త గింజలు చిలకమ్మ రోట్లో వెన్నగా మారతాయి" అని, ఆమె ఫోటో కింద, నా పేరుతో పేపరు జిల్లా పేజీలో అచ్చయింది. ఆ వాక్యం బాగుందని డెస్కులో మెచ్చుకున్నారు కూడా. తర్వాతి వారం ఆ ఊళ్లో కొత్తల పండగ జరిగింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఏటా ఆ పండగకు అమ్మవారి మొదటి కుండ వండిన చిలకమ్మను ఆ రోజు పొయ్యి దగ్గరకు రానివ్వలేదు.

అప్పుడు నేను చింతపల్లి మన్యంలో విలేకరిని. మైదానం నుంచి వెళ్లినవాణ్ణి. చలికాలం మొదలైతే డెస్కు నుంచి రోజూ ఒకటే పోరు: మంచు ఫోటోలు పంపు, టూరిస్టుల ముచ్చట్లు పంపు. వాటికోసం తెల్లవారుజామునే ఘాట్ రోడ్డెక్కి, చేతులు కొంకర్లు పోతుంటే చిలకమ్మ బడ్డీ దగ్గర ఆగేవాణ్ణి. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక మట్టి పొయ్యి, పక్కన రోలు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. తన ఊరు అక్కడికి కనిపించే వాలులోనే. భర్త ఊరి పూజారిగా ఉంటూనే చనిపోయాడు, ఆ తర్వాత మరిది పూజారయ్యాడు. కానీ పండగ కుండ వండే పని మాత్రం ఇంటి పెద్దకోడలుగా ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. పండగ ముందు వారం రోజులు మాత్రం బడ్డీ మూసేసేది. ఎందుకని అడిగితే "నాను లేకపోతే అక్కడ పొయ్యి ఎలగదు బావూ" అనేది.

ఆ ముద్ద కథ ఒక సీసాతో మొదలైంది. కారులో వచ్చిన టూరిస్టులెవరో సగం తిన్న పీనట్ బటర్ సీసాను బల్ల మీద వదిలేసి పోయారు. చిలకమ్మ వేలితో కొంచెం తీసి నాలిక్కి రాసుకుని, నా వైపు చూసి పకపకా నవ్వింది. "ఓరి ఓరి, ఇదేటి బావూ! మా ఇంటికాడ పిల్లగుంటలకి పెట్టే సెనక్కాయ ముద్దే కదా. సీసాలో ఎట్టి సొక్కా తొడిగినారు." మర్నాటి నుంచి బ్రెడ్డు కాల్చి దాని మీద తన ముద్ద రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. చలిలో వణుకుతూ వచ్చినవాళ్లు ఒకటి తిని రెండోది అడిగేవారు. సీసాలోని దానికంటే ఇదే బాగుందని ఎవరైనా అంటే, "సీసా అమ్మకి కోపమొత్తాది, సిన్నగా సెప్పండి" అనేది.

నేర్చుకుంటానని ఒక రోజు రోటి ముందు కూర్చున్నాను. గింజల్ని సన్నసెగ మీద చాలాసేపు వేయించింది. చేటలో పోసి అరచేతులతో నలిపి, పొట్టు ఎగరగొట్టింది. రోట్లో పోసి పొత్రం నా చేతికిచ్చింది. కాసేపటికి పొడి అయింది. ఇంకాసేపటికి ఆ పొడి ఉండలు కట్టి పొత్రానికి పట్టుకుంది. నా భుజాలు లాగేస్తున్నాయి. ఇక చాలనుకుని లేవబోయాను.

"కూకో. ఇప్పుడేటైనాది?"

"ముద్ద అయింది కదా పెద్దమ్మా."

"ముద్దని నీకు అనిపించినాది. దానికి అనిపించాల. నూనె ఒగ్గీ దాకా లెగకు. అందరూ ఇక్కడే బేగి లెగిసిపోతారు."

మళ్లీ తిప్పాను. ఏ క్షణంలో జరిగిందో చెప్పలేను గానీ, బిగుసుకుపోయిన ముద్ద ఒక్కసారి సడలి మెరిసింది, పొత్రం తేలికైపోయింది. చిటికెడు ఉప్పు వేసి, చిన్న బెల్లం ముక్క చిదిమి, నా వేలికే రాసిచ్చింది. "పేపరోడికి కూడా పనొచ్చినాది" అని బల్ల మీద కూర్చున్న జీపు డ్రైవరుకు వినిపించేలా అంది. ఆ పనితనాన్ని నా పనికి అన్వయించుకోవాలన్న తెలివి ఆ రోజు నాకు లేదు. భుజాల నొప్పి మాత్రమే గుర్తుంచుకున్నాను.

ఆమె మీద కథనం రాయడానికి వెళ్లిన రోజు నాకు తొందర. మధ్యాహ్నంలోగా పంపాలి. బడ్డీలో కాదు, ఇంటి దగ్గర ఫోటో కావాలనుకుని వాలు దిగి ఊళ్లోకి వెళ్లాను. ఆమె వాకిట్లో అప్పుడే పీకిన వేరుశెనగ కాయలు మట్టితో సహా ఆరబోసి ఉన్నాయి. ఆమె అరుగు మీద రోలు ముందు కూర్చుని ముద్ద నూరుతోంది. ఆ రెండూ ఒకే ఫోటోలో పడ్డాయి, నా బుర్రలోనూ ఒకటిగానే పడ్డాయి. కాయలు వాకిట్లో ఉన్నాయి, గింజలు రోట్లో ఉన్నాయి, ఇక అడగడానికేముంది అనుకున్నాను. పొయ్యి మీద ఉట్టికి వేలాడుతున్న ఎండిన ఆనప బుర్రను కూడా చూశాను. పొగకు నల్లబడి బాగుందనిపించి దానికీ ఒక ఫోటో తీశాను. అందులో ఏముందని అడగలేదు. అందులో ఉన్నవి కిందటేడు గింజలు. ఆమె ముద్దకు వాడినవి అవే.

కొత్త పంట ఏదైనా సరే, ఊరి అమ్మవారికి వండి చూపించే దాకా ఆ ఊళ్లో ఎవరూ నోట పెట్టరు. పెడితే కీడు వాళ్లకు మాత్రమే కాదు, ఊరందరికీ అని నమ్మకం. ఈ సంగతి నాకు తెలియదని తప్పించుకోలేను. ముందు ఏడాదే ఆ పండగ మీద వార్త రాశాను. మొదటి కుండ వండే మనిషే పండగకు ముందు కొత్త గింజలు నూరి, టూరిస్టులకు బ్రెడ్డు మీద రాసి పెడుతోందని నా వాక్యం ఊరికి చెప్పింది. హాస్టల్లో చదివే పిల్ల ఒకతి పేపరు తెచ్చి రచ్చబండ దగ్గర పైకి చదివిందట. అదే వారం అకాల వర్షం పడి వాలు చేలల్లో పంట నానిపోయింది. ఇక ఎవరూ చిలకమ్మ మాట వినలేదు.

పండగ జరిగిన మూడో రోజున, బడ్డీ ఇంకా తెరవలేదేమని జీపు డ్రైవర్ని అడిగితే జరిగినదంతా అతను చెప్పాడు. అప్పటికప్పుడు ఊరికి వెళ్లాను. చిలకమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను తలవంచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఏ గింజలో నన్నడిగినావా బావూ?"

"లేదు పెద్దమ్మా."

"అడిగితే సెప్పేదాన్ని కదా. నా నోరేటి పడిపోనాదా?"

అంతే అంది. లోపలికి వెళ్లి ఆనప బుర్ర దించి, మూత తీసి నా అరచేతిలో నాలుగు గింజలు వంచింది. ముడుచుకుపోయి, కట్టెల పొగ వాసన వేస్తున్న పాత గింజలు. "కొత్త గింజలో నీరుంటాది. ముద్దకి పనికిరాదు. పండగ మాట ఒగ్గేయ్, ముద్ద సేసినోళ్లెవరైనా ఆ మాట సెప్తారు" అంది. అంత సులువైన రుజువు. ఆ నాలుగు గింజలూ పట్టుకుని పెద్దమనుషుల దగ్గరకు పరిగెత్తాను. తప్పు నాదని, అడగకుండా రాశానని చెప్పాను. అందరిలోకీ పెద్దాయన ఓపిగ్గా విని, "అయితే పేపర్లో అబద్దం ఏసినారా?" అన్నాడు. అవునన్నాను. "మరి ఇప్పుడు సెప్పింది నిజమని మాకెలగ తెలుత్తాది? అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే" అన్నాడు.

డెస్కుతో పోట్లాడి సవరణ వేయించాను. లోపలి పేజీలో, సంతాప ప్రకటనల కింద, రెండు వాక్యాలు. ఆ పేపరు పట్టుకుని మళ్లీ ఊరికి వెళ్తే, ఫోటో లేదు కాబట్టి అది చిలకమ్మ గురించి కాదన్నారు. మరిది ఒక్కడే నమ్మాడేమో అనిపించింది. కానీ అతను కూడా ఊరి మాట దాటలేకపోయాడు. ఆ ఏడాది నుంచి మొదటి కుండ ఇంకో ఇంటికి పోయింది. చిలకమ్మ బడ్డీ తెరిచింది, టీ పెట్టింది, నాకు ఎప్పటిలాగే బ్రెడ్డు కాల్చి ఇచ్చింది. ముద్ద మాత్రం మళ్లీ నూరలేదు. పండగ వారంలో కూడా బడ్డీ తెరిచే ఉండేది. ఆ వారంలో నేను అటు వెళ్లలేకపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఉద్యోగంలో నాకు ఒక చెడ్డపేరు స్థిరపడింది. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని కూడా అడుగుతానని. కాలిపోయిన ఇంటి ముందు నిలబడి "ఇది ఎవరి ఇల్లు, మీదేనా?" అని అడుగుతుంటే పక్క విలేకరులు నవ్వేవారు. సబ్ ఎడిటర్‌గా కూర్చున్నాక, కుర్ర విలేకరులు పంపిన వార్తల్లో "అప్పుడే కోసిన", "నిన్ననే వచ్చిన" అనే మాటలు కనిపిస్తే ఫోన్ చేసి, ఎవరు చెప్పారని అడిగేవాణ్ణి. విసుక్కునేవారు. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ నా అరచేతిలో ఆ నాలుగు గింజలు ఉన్నట్టే ఉండేది. ఎన్నిసార్లు అడిగినా, అడగాల్సిన చోట అడగని ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

చిలకమ్మ పోయి రెండేళ్లయింది. కబురు ఆలస్యంగా తెలిసి, కిందటి చలికాలం వెళ్లాను. బడ్డీ ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. కోడలు మిక్సీలో ముద్ద తిప్పి బ్రెడ్డుతో ఇస్తోంది, జనం బాగానే ఉన్నారు. గోడ మీద నా కథనాన్ని లామినేషన్ చేయించి తగిలించారు. ఫోటోలో చిలకమ్మ నవ్వుతోంది, కింద ఆ వాక్యం అలాగే ఉంది. అది తప్పని, తీసేయమని కొడుకును బతిమాలాను. "మా అమ్మ ఫోటో ఇదొక్కటే ఉంది సార్, ఎలగ తీసీమంటారు?" అన్నాడు. కనీసం ఆ లైను మీద కాగితం అంటించమన్నాను. చూద్దామన్నాడు.

మొన్న ఫోన్ చేసి కనుక్కున్నాను. కాగితం అంటించలేదు. ఈ ఏడాది కొత్తల పండగకు కూడా మొదటి కుండ వండడానికి ఆ ఇంటివాళ్లను పిలవలేదు.