ఉప్పునీళ్ళు పోసిన ఎర్తు గొయ్యి

నా చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలలో చాలావాటిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్కదాన్ని తలచుకుంటే మాత్రం రాదు. అది ఒకే ఒక్క మాట. ముప్పైయేళ్ళకు పైగా నరసరావుపేట కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి, ఇతరుల కొలతల్లో తప్పులు వెతకడమే పనిగా బతికినదాన్ని నేను. కనుక ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరిని పాడుచేసిందో ఏమీ దాచకుండా రాస్తున్నాను.

అప్పుడు నాకు పదేళ్ళు. గురజాలలో మా తాతయ్యకు కిరాణా కొట్టు ఉండేది. అద్దె ఇళ్ళతో విసిగిపోయి, ఊరి చివర స్థలం కొని సొంత ఇల్లు మొదలుపెట్టాడు. మేస్త్రీని పెట్టుకున్నాడే గాని, మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి ప్రతి పనీ తానే దగ్గరుండి చేయించేవాడు. గోడలకు రాయి బయటి నుంచి తోలించవలసిన అవసరమే రాలేదు. అక్కడ జానెడు మట్టి తీస్తే చాలు, కింద నాపరాయి పలకలు పలకలుగా పరచినట్టు ఉండేది. పునాదికి తవ్విన రాయే గోడలకు సరిపోయింది. ఆ స్థలం మొత్తం మీద లోతైన మట్టి ఉన్నది ఒక్క నైరుతి మూలనే. ఎవరో ఎప్పుడో రాయి తీసుకుపోయిన గుంట అది. కాలక్రమాన నల్లమట్టి నిండింది. చుట్టుపక్కల నీరంతా అటే పారడం వల్ల ఎండాకాలంలో కూడా అక్కడ అడుగు లోతున చెమ్మ తగిలేది.

మా ఇంటికి కరెంటు పని చేసినవాడు మా పాత వీధిలోనే ఉండే సాయిబు. వీధి పిల్లలందరం ఆయనను వైరింగు బాబాయి అనేవాళ్ళం. పని చేస్తూ చేస్తూ, అడగకపోయినా, చేస్తున్నదేమిటో చెప్పడం ఆయన అలవాటు. ఎర్తు గొయ్యి ఎందుకని నేను అడిగితే, ఆ తరవాత ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు అంత తేటగా దొరకని జవాబు చెప్పాడు.

“ఫ్యాను ఒంట్లోకి కరెంటు దిగిందనుకో పాపా. దానికి భూమిలోకి దారుంటే ఒక్కసారిగా పారుద్ది, ఆ దెబ్బకి ఫ్యూజు తెగుద్ది, పీడా పోద్ది. దారి లేదనుకో, ఆ ఇనప ఒంట్లోనే కాసుకోని కూర్చుంటది, ఎవరు ముట్టుకుంటారా అని.”

అందుకే ఆయన ఆ గొయ్యిని నైరుతి మూల తీద్దామన్నాడు. మా తాతయ్య ఉలిక్కిపడ్డాడు. నైరుతిలో గొయ్యి తీస్తే ఇంటి యజమానికి కీడని వాస్తు చూసినాయన చెప్పి ఉన్నాడు. కరెంటు కూడా అగ్గే కాబట్టి దాని గొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలని మా తాతయ్య తేల్చేశాడు.

“శెట్టిగారూ, కరెంటుకు దిక్కులు తెలవ్వు, తడి ఒక్కటే తెలుసు. ఆగ్నేయంలో ఉన్నది బండ” అన్నాడు బాబాయి.

“దానికి తెలవకపోతే నాకు తెలుసులేవయ్యా. నువ్వు తవ్వు. పోయేది నేనా నువ్వా?”

ఆయన తవ్వించాడు. ఇద్దరు మనుషులు రెండు రోజులు గునపాలతో పొడిస్తే మోకాలి లోతు దిగింది. గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చారు. అప్పుడు బాబాయి తన సంచిలోంచి నూరు క్యాండిళ్ళ బల్బు, అంటే నూరు వాట్లది, తీశాడు. దాని హోల్డరు నుంచి వచ్చిన రెండు వైర్లలో ఒకదాన్ని మెయిన్లోకి వచ్చే కరెంటు వైరుకు, రెండోదాన్ని ఎర్తు వైరుకు తగిలించాడు. ఎర్తు బాగుంటే బల్బు మామూలుగా వెలగాలి. అది కాలి ఆరిపోబోతున్న చుట్ట కొసలాగా ఎర్రబడి ఊరుకుంది. ఆయన ఇంకేమీ వాదించలేదు. మెయిన్లో ఫ్యూజు పీకి సంచిలో వేసుకున్నాడు. బల్బు వెలిగితేనే ఫ్యూజు పెడతానని, ఎల్లుండి పొద్దున వస్తానని, ఈలోగా గొయ్యి మార్పించమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన వస్తానన్న రోజుకు మరునాడే గృహప్రవేశం. చుట్టాలకు కబుర్లు వెళ్ళిపోయాయి.

ఆయన వస్తానన్న రోజు తెల్లవారుతుండగా మా తాతయ్య నన్ను లేపాడు. కొట్లోంచి తెచ్చిన కల్లుప్పును రెండు బకెట్ల నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను నా చేత గొయ్యిలో పోయించాడు. మొక్కకు పోసినట్టు మెల్లగా పొయ్యమన్నాడు. అంతా ఇంకిపోయాక పైన పొడి మట్టి చల్లి, కాలితో సర్దాడు. “ఎవరడిగినా పోయలేదని చెప్పు బంగారం. మంచిపనికేలే” అన్నాడు. ఇంట్లో ఇందరుండగా ఆ రహస్యానికి నన్నే ఎంచుకున్నాడని నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం ఇప్పటికీ గుర్తుంది. అన్నిటికన్నా ముందు సిగ్గుపడేది దానికే.

బాబాయి వచ్చి బల్బు తగిలించాడు. అది ధగధగా వెలిగింది. ఆయన మొహంలో సంతోషం కనబడలేదు, అనుమానం కనబడింది. వైర్లు పీకి మళ్ళీ తగిలించాడు. మరో బల్బు పెట్టి చూశాడు. గొయ్యి దగ్గర గొంతుక్కూచుని పైమట్టిని వేళ్ళ మధ్య నలిపాడు. పొడిగానే ఉంది. అప్పుడు నా వైపు తిరిగాడు.

“ఏం పాపా, ఈ గోతిలో నీళ్ళేమన్నా పోశారా?”

మా తాతయ్య ఆయన వెనకాల నిలబడి ఉన్నాడు. నేను లేదన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, తేలికపడి నవ్వాడు. “అయితే కింద బండ పగిలి ఎక్కడో ఊటుందిలే. నాకేం తెలుసు భూమిలో సంగతి” అంటూ ఫ్యూజు పెట్టి, మా తాతయ్యతో ఎర్తు బాగుందని తన నోటితోనే చెప్పాడు.

ఆయన పరీక్షలో ఆయన పొరపాటు కూడా ఒకటి ఉందని నేను చాలా ఏళ్ళ తరవాత తెలుసుకున్నాను. నూరు వాట్ల బల్బు వెలగడానికి అర ఆంపియరు కూడా అక్కరలేదు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు తెగాలంటే అంతకు ముప్పైరెట్లకు పైగా పారాలి. బల్బు వెలగలేదంటే ఎర్తు పనికిరాదని గట్టిగా చెప్పవచ్చు గాని, వెలిగినంత మాత్రాన బాగుందని చెప్పలేము. ఇది నిజం. కాని ఈ నిజాన్ని చాలాకాలం నేను నా తప్పును పలచన చేసుకోవడానికి వాడుకున్నాను. మొదటి రోజు ఎర్రబడి ఊరుకున్న బల్బును చూసి ఆయన సరైన నిర్ణయమే చేశాడు. దాన్ని తప్పించింది ఆయన అజ్ఞానం కాదు, నా జవాబు.

వేసవి వచ్చింది. మా వైపు సాయంత్రాలు వాకిట్లో పరచిన బండల మీద నీళ్ళు చల్లి, ఆ చల్లదనంలో మంచాలు వేసుకుని కూర్చోవడం అందరికీ అలవాటే. మా తాతయ్య కొత్తగా కొన్న ఇనప స్టాండు ఫ్యానును కూడా వాకిట్లోకి తెచ్చి పెట్టేవారు. దాని గాలికి పక్కింటి అక్క వచ్చేది. ఆమె రవికలు కుట్టేది. పగలంతా మిషను ముందు వంగి కూర్చున్న నడుముకు అదే విశ్రాంతి అనేది. ఆ రోజు, “ఏమే, గాలంతా మీ మంచానికేనా? మేం మనుషులం కాదా?” అని నాతో వేళాకోళమాడుతూ, తడి బండల మీద వట్టి కాళ్ళతో వెళ్ళి ఫ్యాను స్టాండును పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదలలేదు. గొంతులోంచి మాట రాలేదు. ఫ్యానుతో సహా పడిపోయింది. ఆ ఫ్యానుకు ముందున్న కమ్మీలు ఎడంగా ఉండేవి. ఆమె కుడిచెయ్యి వాటి సందులోంచి తిరుగుతున్న ఇనప రెక్కల్లోకి వెళ్ళింది. మా అమ్మ పరిగెత్తి మెయిన్ ఆపకపోతే ప్రాణమే పోయేది. ప్రాణం దక్కింది. రెండు వేళ్ళ నరాలు తెగి లోపలికి ముడుచుకుపోయాయి. ఆ తరవాత ఆమె కత్తెర పట్టలేదు.

మరునాడు బాబాయి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఆయన వస్తూనే బల్బు తీసి తగిలించాడు. ఈసారి అది ఎర్రబడను కూడా లేదు. కింద బండ ఎండిపోయింది. ఫ్యాను ఒంట్లోకి దిగిన కరెంటుకు ఎక్కడా దారి లేదు.

“నీ చేత్తోనే చూసి, నీ నోటితోనే బాగుందన్నావుగా సాయిబూ?” అన్నాడు మా తాతయ్య.

“అన్నాను శెట్టిగారూ. ఆ రోజు వెలిగింది. నా కళ్ళతో చూశా.”

“మరి ఇప్పుడేందది?”

ఆయన వైర్లు పీకి, బల్బును మళ్ళీ తగిలించి చూశాడు. అక్క వాళ్ళమ్మ మట్టి తీసి ఆయన మీద పోసింది. నీ చేతులు పడిపోను అని శాపనార్థాలు పెట్టింది. నేను మా అమ్మ పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. మా తాతయ్య నావైపు బెదిరింపుగా చూడను కూడా లేదు. నేను చెప్పనని ఆయనకు అంత నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాలేదు.

తరవాత ఆయనను ఆ ఊళ్ళో ఎవరూ కొత్త ఇంటికి పిలవలేదు. కొన్ని నెలలకు సంసారం తీసుకుని మాచర్ల వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన వారంలోనే మా తాతయ్య ఇంకెవరినో పిలిపించి, నైరుతి మూల నిలువు లోతు గొయ్యి తీయించి, ఎర్తు అందులోకి మార్పించాడు. పైన బండ వేయించి, ఎవరికీ కనబడకుండా దాని మీద నీళ్ళ గోలెం పెట్టించాడు. ఆయన ఆ తరవాత ఇరవైయేళ్ళకు పైగా ఆరోగ్యంగానే బతికాడు. దీన్ని చూపించి వాస్తు అబద్ధమని నేను రుజువు చేయబోను. ఒక్క ఇల్లూ ఒక్క మనిషీ దేనికీ రుజువు కాదు. కాని ఆ గోలెం మాత్రం ఒకటి రుజువు చేసింది. తప్పు ఎక్కడుందో మా తాతయ్యకు మొదటి నుంచీ తెలుసు.

మా తాతయ్య పోయాక కూడా నేను చెప్పలేదు. చదువు, ఉద్యోగం, పిల్లలు అని సాకులు ఉండేవి. పదవీ విరమణ చేశాక ఒక రోజు గురజాల వెళ్ళి, ఇంకా ఆ పక్కింట్లోనే ఉంటున్న అక్కకు చెప్పాను. ఏడుస్తుందనో, పోనీలే అంటుందనో అనుకున్నాను. ఆమె తన ముడుచుకున్న వేళ్ళను చూసుకుంది.

“చెయ్యి పోయింది కరెంటు వల్ల. దానికి నిన్నేమీ అననే. ఇన్నేళ్ళూ ఆ సాయిబును తిట్టుకున్నా చూడు, అది మాత్రం నీ వల్ల. నాతో ఎందుకు చెప్తన్నావ్? పోయి ఆయనతో చెప్పు.”

వెళ్ళాను. ఆరా తీస్తే మాచర్ల బజారులో మోటార్లకు తీగ చుట్టే కొట్టు చూపించారు. లోపల ఉన్నది ఆయన కొడుకు. ఆయన పోయి ఆరేళ్ళయిందన్నాడు. నేను గురజాల నుంచి అనగానే అతను చేతిలో పని ఆపాడు. వాళ్ళ నాన్న మళ్ళీ ఏ ఇంటి వైరింగూ ముట్టుకోలేదట. ఫ్యానులకూ మోటార్లకూ తీగ చుడుతూనే కాలం గడిపాడట. “ఆ ఇంటి సంగతి చానాసార్లు చెప్పేవాడు మేడం. అంత బాగా వెలిగిన బల్బు ఎట్టా ఆరిపోద్దిరా, నా చూపులోనే ఏదో తేడా ఉంది అనేవాడు. పోయేముందు కూడా అడిగాడు” అన్నాడు.

నేనెవరినో, ఇన్నేళ్ళూ నరసరావుపేటలోనే ఉంటున్నానని చెప్పి, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉప్పు, రెండు బకెట్లు, పైన చల్లిన మట్టి, నా జవాబు. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

“నర్సరావుపేట నుంచి మాచర్లకు బస్సులు లేవా మేడం, ఇన్నేళ్ళూ?” అని అడిగాడు.

ఉన్నాయి. అలాంటి బస్సే ఎక్కి తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు సొంతంగా ఇళ్ళు కట్టుకునే మా బంధువులూ, పాత విద్యార్థులూ వైరింగు చూడమని పిలుస్తుంటారు. వెళతాను. ఎర్తును వానల తరవాత కాదు, మే నెలలో చూడమంటాను. చూసే రోజు ఇంట్లోవాళ్ళకు ముందుగా చెప్పవద్దంటాను. బల్బును నమ్మకుండా, నిరోధం కొలిచే మీటరు పెట్టించమంటాను. షాకు కొట్టబోతే తనంత తాను ఆగిపోయే స్విచ్చి తప్పక పెట్టించుకోమని చెబుతూ, దాని మీదున్న పరీక్ష మీటను నొక్కి చూస్తే ఆ స్విచ్చి బాగుందని తెలుస్తుందే గాని భూమిలో సంగతి తెలియదని కూడా చెబుతాను. గొయ్యిలో నీళ్ళు పోసి ఉంటే ఎప్పుడు పోశారో, ఎవరు పోశారో అడుగుతాను. చివరికి నేను చూసిందంతా, తప్పైనా ఒప్పైనా, ఇంటివాళ్ళకన్నా ముందు ఆ వైరింగు మనిషికి అక్కడికక్కడే చెబుతాను. రేపు చెబుదామని ఏ ఒక్క మాటనూ ఇంటికి తెచ్చుకోను. దీనితో మాచర్లలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు. ఆ ప్రశ్న అడిగిన మనిషి ముందు మళ్ళీ నిలబడే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.