నాకిచ్చిన ఒక్క స్వరం

పోయిన నెల ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆస్పత్రిలో పడ్డాను. ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, "తాతా, ఒక్క ఊపిరిలో ఎంతసేపు 'ఆ' అనగలరో అనండి, చూద్దాం" అంది. అన్నాను. ఆమె చేతి గడియారం చూస్తూ మొదట తలూపింది, తర్వాత కనుబొమలు ఎత్తింది, ఆ తర్వాత నా మొహం వైపు చూసింది. పక్క మంచం మీది ముసలాయన లేచి కూర్చుని "ఇగ ఆపుతవా, నర్సును పిల్వాల్నా?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి "మీరు పాటగాళ్ళా?" అని అడిగింది. అవునని చెప్పబోయి ఆగాను. నేను జీవితంలో నిజంగా పాడింది ఒక్క స్వరమే. దాన్ని కూడా ఒకసారి వదిలేశాను. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకు సగమే చెప్పాను, అదీ నాకు అనుకూలంగా ఉండే సగం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను తాండూరులో చిన్న బడికి పంతుల్ని. ఇరవై మూడేళ్ళ వయసు, బుద్ధి అంతకంటే చిన్నది. నాకు గొంతుందని నాకు తెలుసు, ఆ సంగతి ఊరంతటికీ తెలియజేయడం నా బాధ్యత అనుకునేవాణ్ణి. పొద్దున బావి దగ్గర స్నానం చేస్తూ పాడితే ఎదురుగా బండలు చెక్కేవాళ్ళు సుత్తి ఆపాలి. ఆపకపోతే గొంతు ఇంకొంచెం పెంచేవాణ్ణి. ఆదివారం చర్చిలో అందరూ పాట ముగించాక నా గొంతు ఒక్క క్షణం మిగిలేలా చూసుకునేవాణ్ణి. ఆ క్షణంలో ముందు వరుసల్లో ఎవరెవరు వెనక్కి తిరిగారో గమనించడమే సరిపోయేది, దేవుడి వైపు చూసే తీరిక ఉండేది కాదు.

మా మేనమామ వికారాబాద్ స్టేషన్లో గూడ్స్ గుమాస్తా. సన్నటి మనిషి, కళ్ళద్దాలకు ఒక పక్క కాడ, ఇంకో పక్క దారం. అక్కడి చర్చిలో పాటల బృందాన్ని ఆయనే నడిపేవాడు. మా అమ్మవాళ్ళ తాత యాలాల్ వైపు గొర్లు కాసినవాడు. ఆయన కొడుకు కాలంలో చర్చిలో చేరారు గానీ గొర్లను మాత్రం చాలాకాలం వదల్లేదు. మామ చిన్నప్పుడు గొర్ల వెంట తిరిగినవాడే. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని అనంతగిరి వాలుల్లో ఒక్కడే తిరిగొచ్చే అలవాటు ఆయనకు ఉండేది. అట్లా తిరుగుతున్నప్పుడు ఒకనాడు గుట్ట మీద ఒక కాపరి కూత వేశాడట, అవతలి వాలు నుంచి ఇంకొకడు అందుకున్నాడట, వాడి కూత ముగియకముందే లోయలోంచి మూడోవాడు. మామ ఆ రాయి మీదే పొద్దువాలేదాకా కూర్చుండిపోయాడు. అత్తమ్మ మనిషిని పంపి వెతికించింది.

ఆ కూతల నుంచే ఆయన ఒక పాట కట్టాడు. అప్పటిదాకా మేము పాడినవన్నీ హార్మోనియం పెట్టె వెంట అందరూ ఒకే వరసలో నడిచే పాటలు. ఈ పాటకు పెట్టె లేదు. పాడేవాళ్ళు పదహారు మంది చర్చి నాలుగు మూలల్లో నిలబడాలి, వినేవాళ్ళు మధ్యలో కూర్చోవాలి. తప్పిపోయిన గొర్రెను దేవుడు వెతుక్కుంటూ పిలుస్తాడు. మాటలు అతి తక్కువ. "రావే, ఇంకా పొద్దున్నది" అన్న పిలుపే మూల మూలకూ మారుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ, పోతూ, మళ్ళీ దగ్గరికొస్తూ ఉంటుంది.

మామ బృందంలో పాడటానికి శనివారం ఒంటిపూట బడి కాగానే ప్యాసింజరు ఎక్కి, బొగ్గు నుసి కళ్ళలో పడుతున్నా కిటికీ దగ్గరే కూర్చుని వికారాబాద్ పోయేవాణ్ణి. మొదటిసారి నాలుగు మూలలూ కలిసి పాడినప్పుడు నేనింకా చెప్పులు విడుస్తున్నాను. ఒక చెప్పు కాలికే ఉండిపోయింది. పాట ఎదుట నుంచి కాదు, నా చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తోంది, నన్నే ఎవరో పిలుస్తున్నట్టు, నేను పలకనంతవరకూ పిలుస్తూనే ఉంటారన్నట్టు. వినడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నమే తెలిసింది. తెలిసిన మరుక్షణమే ఆ పిలుపు నా గొంతులో ఎంత బాగుంటుందో అనుకున్నాను. అదీ నా సంగతి.

సాయంత్రం ఇంట్లో మామ, మిగతావాళ్ళకు ముందే ఇచ్చినట్టు, నా కాగితం నాకిచ్చాడు. వాడిపడేసిన గూడ్స్ ఫారాల వెనక సరిగమలు రాసి ఉన్నాయి. నా కాగితంలో ఒకే అక్షరం, "స". దాని తర్వాత రైలు పట్టాలాగా ఒక గీత, చివరిదాకా.

"మామా, మిగిలింది రాసుడు మర్చిపోయినవా?" అన్నాను.

"మర్చిపోలే. గంతే."

"పాటంత గిదొక్కటేనా?"

"ఆ. నువ్వు నేలవురా అల్లుడా. నేల అటిటు తిరుగుతదా? కిందికెల్లి నేల లేకపోతే గా కూతలన్ని గాలికి పోతయ్."

వంటింట్లోంచి అత్తమ్మ, "నేలకు నోరుండదు. వీనికి గదే కష్టం" అంది.

అసలు పిలుపు మేమంతా ఆయమ్మ అని పిలిచే ఒకామెకు ఇచ్చాడు. ఆమె అనంతగిరి కొండ మీది ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి, నలభై దాటినది, భర్త పోయినది. చదువు రాదు, రెండుసార్లు వింటే పాట వచ్చేస్తుంది. గొంతు తీయన కాదు, కొంచెం గరుకు, ఊరి బయటి నుంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉండేది. ఆ గరుకే మామకు కావాలి. నాకు మండింది. దుప్పట్లు ఉతికే మనిషి పిలుస్తుంటే పంతులు గోడలాగా నిలబడాలా అనుకున్నాను. పైకి అనలేదు, అనుకున్నాను. అది చాలు. నా మూల వెనక తలుపు పక్కన, ఎవరికీ కనపడనిచోటు. నాకు తోడు రిటైరైన గేటుమన్ తాత. ఆయనకు చెవులు అంతంతమాత్రం. నా వీపు మీద అరచెయ్యి ఆనించి, నా ఒళ్ళు మోగితే తానూ మోగేవాడు. నేను ఊపిరి తీసుకునేటప్పుడు ఆయన నిలపాలి, ఆయన తీసుకునేటప్పుడు నేను.

రెండు ఊళ్ళ చర్చిలనూ చూసే సంఘ పెద్దకు ఈ పాట నచ్చలేదు. "గుమాస్తా సాబ్, గొర్ల కూతలు చేన్ల మంచిగుంటయ్, గుళ్ళె గాదు" అన్నాడు. మామ బతిమాలితే చివరకు ఒక్క మాట ఇచ్చాడు. తాండూరులో కోతల పండుగనాడు ఒక్కసారి పాడాలి. విన్నవాళ్ళ మనసు దాని మీద నిలిస్తే ఆరాధనలో ఉంచుతాడు, లేకపోతే ఇక ఎన్నడూ ఆ మాట ఎత్తొద్దు. మామ దేన్నైనా అంతగా కోరుకోవడం అంతకు ముందు నేను చూడలేదు. పండుగ ముందు వారమంతా ఆయన అన్నం ముందు కూర్చుని కూడా వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడట.

పండుగనాడు తాండూరు చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందు కంది కట్టెలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన చుట్టాలు కన్నడంలో పలకరించుకుంటున్నారు. ఏమి జరుగుతోందో చూద్దామని బజారు షావుకార్లు తలుపు దాకా వచ్చారు. సంతకొచ్చిన గొల్లవాళ్ళు భుజాన గొంగళ్ళతో కిటికీల బయట నిలబడ్డారు. మామ చెయ్యెత్తాడు. నేను "స" పట్టాను, తాత నా వీపు పట్టాడు. దాని మీద ఒక మూల లేచింది, ఇంకో మూల పలికింది, అప్పుడు ఆయమ్మ పిలిచింది. కిటికీలో ఒక గొల్లాయన తల చటుక్కున పక్కకు తిరిగింది, తన మందలోంచే ఎవరో పిలిచినట్టు. పిల్లలు అల్లరి ఆపారు. ఒక కోడి కూడా ఆపింది. ఆ నిండిన మందిరం ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. ఇంతమంది, ఇంత నిశ్శబ్దం, ఇందులో నా గొంతు ఎవరికీ తెలియదు.

వదిలేశాను. నా స్వరం వదిలి పైకెక్కి, ఆయమ్మ పిలుపును నా గొంతులో అందుకున్నాను. నా వీపు మీది చెయ్యి తడబడింది, తాత కూడా నా వెంటే వచ్చేశాడు. కింద నేల లేదు. ఆయమ్మ గొంతు జారింది, వెతుక్కుంది, ఆగిపోయింది. మూలలన్నీ తడబడ్డాయి. నేనొక్కణ్ణే ఆ వరస చివరిదాకా లాగాను. తర్వాత పాట లేదు.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. సంఘ పెద్ద నా భుజం తట్టి, "ఆమె తప్పినా నువ్వు నిలబెట్టినవ్ పంతులూ, షాబాష్" అన్నాడు. మామను పిలిచి, "చూసినవ్ గద, అయిపాయె" అన్నాడు. మామ నా వైపు చూశాడు. ఆయన చెవికి అంతా తెలుసు. నేను చెబుతానని ఎదురుచూశాడు. నేను గుమ్మడికాయల వైపు చూశాను.

ఆ సాయంత్రం బృందం రైలెక్కుతుంటే సంచులు అందించడానికి స్టేషనుకు పోయాను. ఆయమ్మ కిటికీలోంచి, "నీకు పుణ్యముంటది తమ్మీ. నాకు భయమైనట్టుంది. కాళ్ళ కింద ఏం లేనట్టైంది" అంది. అప్పుడు కూడా చెప్పలేదు.

మూడు వారాలు చెప్పలేదు. ఆయమ్మ పాడటం మానేసింది. మామ గూడ్స్ ఫారాలన్నీ దారంతో కట్టి సందూకు పెట్టెలో పెట్టాడు. మూడో ఆదివారం వికారాబాద్ చర్చిలో సంఘ పెద్ద నన్ను ముందుకు పిలిచి ఒక పాట ఒక్కణ్ణే పాడమన్నాడు. నేను ఎప్పటి నుంచో కోరుకున్న చోటు అది. నిలబడ్డాను. ఒక వరస పాడాను. నా గొంతు నాకే పలచగా వినిపించింది. దాని కింద ఎవరూ లేరు. ఆపేసి, "గా దినం తప్పింది ఆయమ్మ కాదు, నేను" అన్నాను. మిగతా మాటలు ఎట్లా వచ్చాయో తెలియదు, మొత్తం చెప్పేశాను. చర్చిలో ఎవరో దగ్గారు. సంఘ పెద్ద, "మంచిది, చెప్పినవ్. పాటకు ఇంకొక దినం ఇస్త. గాని ముందుగాల పోయి ఆమెకు చెప్పు" అన్నాడు. బయట మామను అడిగాను, నువ్వే ఎందుకు చెప్పలేదని. "నేను జెప్తే ఫిర్యాదైతది. నువ్వు జెప్తేనే ఒప్పుకున్నట్టు" అన్నాడు.

కొండెక్కి ఆస్పత్రికి పోయేసరికి ఆయమ్మ తీగల మీద దుప్పట్లు ఆరేస్తోంది. నేను చెప్పిందంతా విన్నది. చేతిలోది ఆరేసి, ఇంకొకటి పిండింది.

"మూడు వారాలు నాకు నిద్ర పట్టలే. దేవుని ముంగట నోరు తప్పిన్నని. నీకు పట్టిందా?"

"పట్టింది అక్కా" అన్నాను. అబద్ధం ఇంకొకటి చేర్చడానికి మనసు రాలేదు.

"గదే అనుకున్న." తడి దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. "పట్టు, పిండు. నేనొస్త. గాని తలుపు పక్కన గాదు, నా పక్కకు నిలబడాలె. తప్పినవనుకో, మోచేత్తోటి పొడుస్త."

మామ మూలలన్నీ మళ్ళీ సర్దాల్సి వచ్చింది. రెండు వారాల తర్వాతి ఆదివారం వికారాబాద్ చర్చిలో నేను ఆయమ్మ పక్కన నిలబడి "స" పట్టాను. వెనక తాత చెయ్యి, పక్కన ఆయమ్మ మోచెయ్యి. ఆమె పిలుపు లేచింది. అది నా స్వరం మీద నుంచి లేవడం నా ఎముకల్లో తెలిసింది. ఎదుటి మూల పలికింది, వెనక మూల అందుకుంది, నాలుగూ కలిసి మందిరం కప్పు ఎత్తేశాయా అనిపించింది. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు, మళ్ళీ అంత ఎప్పుడూ రాలేదు కూడా. నేను కదలకపోవడం వల్లే అందరి గొంతులూ నాకు విడివిడిగా వినిపించాయి, ఒక్క నాది తప్ప. ఆస్పత్రి నుంచి వచ్చిన రోగులు కళ్ళు మూసుకున్నారు. మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గుంటూరు వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన స్టేషను మాస్టరు, ఏనాడూ చర్చి గడప తొక్కనివాడు, గుమ్మంలో చేతులు కట్టుకుని పాట అయ్యాక కూడా అట్లాగే ఉన్నాడు.

పాట ముగిసింది. ఎవరూ దగ్గలేదు. మామ దారం కట్టిన కళ్ళద్దాల వెనక నుంచి సంఘ పెద్ద వైపు చూశాడు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "మంచిదో కాదో నాకు సమజ్ గాలే" అన్నాడు. మళ్ళీ కూర్చుంటూ, "మళ్ళొక్కసారి పాడుండ్రి" అన్నాడు.

మళ్ళీ పాడాం. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు పాడాం. పాట అటువంటిది, తప్పినచోట ఆపి మొదటి నుంచి ఎత్తుకోవచ్చు. కానీ ఆయమ్మ నిద్రలేకుండా గడిపిన ఆ మూడు వారాలను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.