పాదరసం పొగ

కోటిలింగాచారి చేతులు అమ్మవారి రాగి ముఖానికి బంగారు ముద్ద పులుముతున్నాయి. ఉప్పాడ జాలరులు చేయించుకుంటున్న ముఖం అది. పాదరసంలో కలిపిన బంగారాన్ని రాగికి పూసి నిప్పుల మీద కాలిస్తే, రసం పొగై పోతుంది, బంగారం నిలుస్తుంది. గాలి తగిలితే పొగతో పాటు బంగారమూ ఎగిరిపోతుందని తాతల నాటి భయం. అందుకే ద్రాక్షారామంలోని ఆ కొలిమిగది తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి.

తిత్తి ఊదేది భార్య అప్పాయమ్మ. కొంతకాలంగా ఆమె చిగుళ్ళు వాచి నెత్తురు కారుతోంది. చెంబు ఎత్తితే నీళ్ళు ఒలుకుతున్నాయి. ఆచారికీ కుదురు లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, తలుపు గడియ తడుముతాడు, ఊరికే కసురుకుంటాడు.

"తిన్నగా ఊదవేంటి?"

"మీ చెయ్యి మాత్రం తిన్నగా ఉందేంటండీ? అమ్మవారికి మూడో చెవి పెట్టేసేలా ఉన్నారు."

మరోనాడైతే నవ్వేవాడు.

ఒక చెంప కాల్చడం అయింది. చెమట తుడుచుకుంటూ అప్పాయమ్మ మెడలోకి చూసుకుని బిగుసుకుపోయింది. మంగళసూత్రాలు వెండిలా తెల్లబడ్డాయి.

"ఏవండీ, మీకేదో కీడు..."

ఆచారి బొటనవేలితో రుద్దాడు. తెలుపు పోలేదు. రసం పట్టిన బంగారం అలాగే ఉంటుందని అతనికి తెలుసు. కానీ ఆమె మెడకు రసం ఎవరు పూశారు? మూసిన గదిలో పొగ ఎక్కడికి పోతుంది? సూత్రాల మీద వాలిన పొగ ఆమె ముక్కులోకి పోకుండా ఉంటుందా?

"కీడు నాక్కాదు, రోజూ నీకే చేస్తున్నాను. బయటికి నడు."

"ముఖం సగంలో ఉంది. దాని కోసం పల్లంరాజుగారు ఇవాళే వస్తారు."

"రానీ. నువ్వింక ఈ గదిలోకి రాకు."

కుంపటి మోసుకుపోయి, ఆనకట్ట కట్టాక తవ్విన కాలువ గట్టున పెట్టాడు. గాలిని వీపున ఉంచుకుని కూర్చున్నాడు. దారినపోయే కంసాలి ఒకడు ఆగాడు.

"బంగారాన్ని తూర్పారబడుతున్నారాండి?"

ఆచారి ముఖాన్ని నిప్పుల మీద పెట్టాడు. గాలికి నిప్పులు ఒకపక్కే రాజుకుంటున్నాయి. ముఖాన్ని తిప్పుతూ, వణికే కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, మళ్ళీ పూసి మళ్ళీ కాల్చాడు. అప్పాయమ్మ గాలి వచ్చే వైపు దూరంగా, ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతోంది.

"ఎడం కణత దగ్గర ఇంకా తెల్లగా ఉందండీ."

"చూశాను. అక్కడే ఉండు."

ఆ తెలుపూ పోయింది. బంగారం ఎక్కడికీ ఎగిరిపోలేదు. ముఖం చల్లారాక నున్నటి రాయితో మెరుగు పెట్టాడు.

పడవ దిగిన పల్లంరాజు, జాలరుల పెద్ద, ముఖాన్ని ఎండకు తిప్పి చూశాడు.

"బయట కాల్చారంట. అమ్మోరికి దిష్టి తగల్దాండి?"

"తగిలితే నాకు తగులుద్ది. కణతలు చూసుకోండి."

పల్లంరాజు రెండు కణతలూ వేలితో తడిమాడు. తలపాగా విప్పి ముఖానికి చుట్టి, భుజానికెత్తుకుని పడవెక్కాడు.