మా అమ్మ నేర్చిన అమెరికా భాష

మా అమ్మ బ్రయ్నా న్యూయార్కులో ఓడ దిగిన రోజే శపథం చేసింది. "ఏడాది తిరక్కుండా అమెరికా భాష గడగడా మాట్లాడకపోతే నా పేరు మార్చి పిలవండి!"

ఈస్ట్ హార్లెంలో నాలుగో అంతస్తులో దిగాం. వెనక కిటికీ తెరిస్తే ఎదురింటి ఫిలొమీనా కిటికీ. రెండిళ్ళకీ ఒకటే బట్టలారేసే తాడు. ఆవిడ అటు లాగితే ఇటు మా నాన్న లాగులు ఊరేగేవి. ఆవిడ ఈకల టోపీ పెట్టుకునేది. అంతకన్నా అమెరికావాళ్ళు ఇంకెవరుంటారని అమ్మ లెక్క.

చొక్కా ఆరేస్తూ ఫిలొమీనా "కమీచా" అంటే, అమ్మా "కమీచా" అనేది. ఊరికే నేర్చుకుంటే మర్యాద కాదని, బదులుగా మా యూదుల యిద్దిష్‌లో "హెమ్డ్" అనేది. ఏడాదికల్లా ఇద్దరికీ కిటికీలు మూసే తీరిక లేకపోయింది.

నేను బడిలో చేరాక అనుమానం వచ్చింది. "అమ్మా, మా టీచరు నీలా మాట్లాడదే?"

"పాపం, ఆవిడది మారుమూల యాస అయ్యుంటుంది. పైకి అనకు, నొచ్చుకుంటుంది."

నాన్ననడిగితే, "మీ అమ్మ మన భాషలో మాట్లాడితేనే నాకర్థం కాదు, షిఫ్రా" అన్నాడు.

జబ్బులు రాకుండా అమ్మ నా మెళ్ళో వెల్లుల్లి దండ కట్టేది. ఆ కంపు పడలేక టీచరు మిస్ హాలరన్ అమ్మని పిలిపించింది. అమ్మ మంచి శాలువా కప్పుకొచ్చి, వెల్లుల్లి మహిమ గురించి చేతులు తిప్పుతూ ధారాళంగా ఉపన్యాసమిచ్చింది. టీచరు తెల్లమొహం వేసి, బడి ఊడ్చే గేతానోని పిలిచింది. అతను రెండు ముక్కలు వినగానే చీపురు వదిలేసి కళ్ళొత్తుకున్నాడు.

"అక్కా! ఇటలీలో, మన నేపుల్స్‌లో ఏ పేట మీది?"

"నేపుల్సేంటయ్యా? నేను మాట్లాడేది అమెరికా భాష!"

"కాదు తల్లీ, ఇది మా అమ్మ నన్ను తిట్టిన భాష."

అమ్మ నన్ను లాక్కుంటూ ఇంటిదారి పట్టింది. ఇంటికి రాగానే కిటికీ బార్లా తెరిచింది. "మాయలాడీ! ఇన్నాళ్ళూ నాతో ఇటలీ మాటలు పలికిస్తావా?"

ఫిలొమీనా దిండు దులపడం ఆపింది. "నువ్వు తక్కువ తిన్నావా? నిన్న గ్యాసు కంపెనీలో నేను నోరు విప్పితే గుమస్తా, 'మీ యూదుల గురువు రబ్బీ గారు కులాసానా' అనడిగాడు! నీ వల్ల కాదూ?"

ఆవిడా మమ్మల్ని అమెరికావాళ్ళే అనుకుందన్నమాట! అమ్మ అచ్చమైన ఇటలీ భాషలో తిడుతోంది, ఆవిడ అచ్చమైన యిద్దిష్‌లో తిప్పికొడుతోంది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. పై అంతస్తు లేజర్ తాత తల బయటపెట్టి, "ఆ చివరి తిట్టు మళ్ళీ అనమ్మా, సరిగ్గా వినపళ్ళేదు" అన్నాడు.

అమ్మకే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఫిలొమీనాకి.

ఇద్దరూ కలిసి సాయంకాలం బడిలో చేరారు గానీ, పక్కపక్కన కూర్చుని ఒకటే కబుర్లు. బేరాలాడేందుకు సరిపడా ఇంగ్లీషు మాత్రం వచ్చింది. నాన్నకి తెలియకూడని సంగతులు అమ్మ ఇటలీ భాషలో కేకేసేది. తన మొగుడికి తెలియకూడనివి ఫిలొమీనా యిద్దిష్‌లో అరిచేది. మొగుళ్ళిద్దరూ ఆదివారం మెట్ల మీద పేకాడుకుంటూ, ఎదుటివాడి పెళ్ళాం తమ భాషలో అరిచిన గుట్టంతా ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.