బిల్లు ఎవరి పేరు మీద?

నా తోడికోడలంటే నాకు కడుపుమంట. ఇన్నేళ్ళ తర్వాత దాచుకోవడం దేనికి? ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నాది ఒక్క పైసా తినలేదు. అయినా సరే, చింతాద్రిపేటలో అందరం కలిసి ఉన్నన్నాళ్ళూ ఆమె నవ్వితే నాకు ఒళ్ళు మండేది. నవ్వకపోతే ఇంకా మండేది.

దానికంతటికీ కారణం ఒక మాట. రాశి. ఆంధ్రా వైపు రాశి అంటే మేషం, వృషభం. మద్రాసులో మా ఇళ్ళలో తమిళం కలిసి రాశి అంటే కలిసొచ్చే గుణం అయింది. ఒకరి చెయ్యి రాశి, ఒకరి మొహం రాశి. ఇంటి చిన్నకోడలైన నా తోడికోడలికేమో ఆమె పేరే కలిసొచ్చే రాశి. ఆమె కాపురానికొచ్చిన నెలలో మామగారి గుండీలు, దారాల దుకాణానికి ఎన్నడూ రానంత పెద్ద ఆర్డరు వచ్చింది. అంతే, మా అత్తగారు తీర్మానించేశారు. ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా బిల్లు చిన్నకోడలి పేరు మీదే రాయించాలి. ఫ్రిజ్జు ఆమె పేరు. మిక్సీ ఆమె పేరు. ఆఖరికి మామగారి కళ్ళజోడు బిల్లు కూడా ఆమె పేరే! ఆ బిల్లులన్నీ మూలన పసుపు పూసి ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, దేవుడి అలమరలో దాచేవారు.

నేను ఆమెకంటే నాలుగేళ్ళు ముందు ఆ ఇంటికి వచ్చాను. నేనొచ్చిన నెలలో దుకాణం కప్పు కారి దారాలన్నీ తడిసిపోయాయి. నా రాశి అది.

నాకు చేతనైంది కుట్టుపని. వీధిలో వాళ్ళ జాకెట్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. అత్తగారి పాత తొక్కుడు మిషను మీద కుట్టీ కుట్టీ, మూడేళ్ళు కూడబెట్టి, మౌంట్ రోడ్డులో ఒక మంచి జిగ్‌జాగ్ మిషను కొనడానికి బయల్దేరాను. గడప దాటుతుంటే అత్తగారు వెనకనుంచి మా ఆయనతో అన్నారు.

"బిల్లు చిన్నదాని పేర రాయించుకోని రా నాయనా. మర్చిపోయి వచ్చేసేవు."

కొట్టులో గుమాస్తా కలం తీసి, "బిల్లు ఎవరి పేరు మీద?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే మా ఆయన ఆమె పేరు చెప్పేశారు. ఇంటికొచ్చాక చిన్నది మిషనుకి బొట్టు పెట్టి, హారతి తిప్పి, "బలే ఉండాది అక్కా!" అని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆ వెనకటిది ఎవరోగానీ ఆరోజు నాలోకొచ్చి కూర్చుంది. వేళ్ళకి సూదులు గుచ్చుకున్నది నాకు, పేరు ఆమెకు. సొమ్మొకడిది, సోకొకడిది!

ఆరేళ్ళు ఆ మిషను మీద కుట్టాను. తొంభైల ఆఖర్లో మా పక్క వీధిలో ఒక గది అద్దెకు వచ్చింది. అందులో నా సొంత కుట్టు కొట్టు పెట్టాలని నా ఆశ. దానికి మోటారు మీద నడిచే పెద్ద మిషను కావాలి, అది రావాలంటే ఇది అమ్ముడుపోవాలి. గది ఇచ్చేవాళ్ళు నెలాఖరు దాకానే ఆగుతామన్నారు. పాత సామాన్లు కొనేవాళ్ళేమో ఇనప్సామాను ధర చెప్పారు. అప్పుడే టి. నగర్‌లో కొత్తగా ఇంటర్నెట్ బ్రౌజింగ్ సెంటర్లు తెరిచారు. పాత వస్తువుల ప్రకటనలు అందులో ఊరికే వేసుకోవచ్చని విని, ఒకరోజు బస్సెక్కాను. పెళ్ళికి ముందు టైపు లోయర్ పాసైనదాన్ని, నాకేం భయం? నేనే కూర్చుని కొట్టాను. మిషను వివరాలు, నా పేరు. చివర ఎక్కడో చదివిన ముక్క ఒకటి తగిలించాను: సింగిల్ ఓనర్, బిల్లు ఉంది.

నాలుగు రోజులకు వెళ్ళి చూస్తే ఒకావిడ జవాబు రాసి ఉంది. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగమట. మిషను నచ్చింది, ధర నచ్చింది. ఒక్కటే అడిగింది. బిల్లులో ఉన్నది మీ పేరేనా?

ఆ ప్రశ్న చూసి అబద్ధం కొట్టేద్దామా అనుకున్నాను, కానీ బిల్లు ఆవిడ చేతికి వెళ్ళేదే కదా. మా తోడికోడలి పేరండి, మా ఇంట్లో అదో ఆచారం అని రాశాను. మర్నాడు జవాబు. "తప్పుగా అనుకోకండి. పోయినేడు నేను కొన్న టేప్ రికార్డరు దొంగ సరుకని తేలి, పోలీసులు ఇంటికొచ్చారు. మీ తోడికోడలిగారితో ఒక ఉత్తరం రాయించి ఇవ్వండి చాలు."

చాలట! ఆవిడదేం తప్పు లేదు, ఆమె చోట నేనున్నా అదే అడిగేదాన్ని. కానీ ఆ ముప్పై నిమిషాల బస్సు ప్రయాణంలో నేను తిట్టుకోని వాళ్ళు లేరు. నా మిషను నాదేనని చిన్నది నాకు రాసివ్వాలి!

మా ఆయన సులువు దారి చెప్పారు. "తెలిసిన కొట్టే కదా, నీ పేర ఇంకో బిల్లు రాయించుకోని వస్తాను."

"దొంగ బిల్లు చూపించి నా వస్తువు నాదనిపించుకోవాలా? వద్దండి" అన్నాను. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు వంటింట్లోకి వెళ్ళాను. చిన్నది చిక్కుడుకాయలు వలుస్తూంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. మెల్లగా చెబితే గొంతులో విషం తెలిసిపోతుందని భయం. ఆమె చేతులు తుడుచుకుంది.

"కాయితం తే అక్కా, రాసిస్తాను."

ఆమెకు తెలుగు మాటే గానీ రాత రాదు, తమిళంలోనే రాసింది. ఆ చేతిరాత ముత్యాలే. దానికీ కుళ్ళుకున్నాను. రాసింది నా చేతికిచ్చింది. 'ఈ కుట్టుమిషను బిల్లులో పేరు నాది. మిషను నాది కాదు. మా అక్క జాకెట్లు కుట్టి కొనుక్కున్నది. నేను ఒక్కరోజు కూడా దాని ముందర కూర్చోలేదు. అమ్మే హక్కు ఆమెదే.'

నేను చదివి తలెత్తేసరికి ఆమె మళ్ళీ చిక్కుళ్ళు వలుస్తూంది.

"ఏం అక్కా, సరిపోతాదా?"

"సరిపోతుంది."

"నువ్వు ఆడ కూర్చోని కుడతా ఉంటే నేను ఈడినుంచి చూస్తా ఉంటాను, తెలుసా? నాకు అసూయే. ఇంట్లో అన్నీ నా పేరు మీదే ఉండాయి. నాదనేది ఒకటి చూపించు, చూద్దాం! కొట్లో రెండు నెల్లు బేరం లేకుంటే అత్త నా మొహమే చూస్తాది. ఏం తప్పు చేసినావమ్మా అన్నట్టు. నీకేం అక్కా, నిన్ను ఎవురూ చూడరు."

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. నన్ను చూసి ఈమె కుళ్ళుకుందా అని లోపల తియ్యగా అనిపించింది. సిగ్గులేని బుద్ధి. ఉత్తరం మడిచి జాకెట్లో దోపుకుని లేచాను.

ఆదివారం మిషను కొనే ఆవిడ ఆటోలో వచ్చి, ఉత్తరం చదివి, బిల్లుతో కలిపి సంచిలో పెట్టుకుంది. బిల్లుకున్న పసుపు మూల చింపి ఇంట్లోనే ఉంచుకుంటానని అత్తగారు పేచీ పెట్టారు. "చింపితే బిల్లు చెల్లదమ్మా" అని ఆవిడ బతిమాలింది. చివరికి అత్తగారు ఆ పసుపును వేలితో గీకి, తన మంగళసూత్రానికి రాసుకుని వదిలేశారు. ఆటో మిషనుతో మలుపు తిరిగేదాకా నేను గడపలోనే నిలబడ్డాను.

నెలాఖరుకి ఒకరోజు ముందు నేనూ మా ఆయనా మళ్ళీ మౌంట్ రోడ్డులో అదే కొట్టుకి వెళ్ళాం. పెద్ద మిషను ఎంచుకున్నాం. గుమాస్తా బిల్లు పుస్తకం తెరిచాడు.

"బిల్లు ఎవరి పేరు మీద?"

మా ఆయన ఈసారి ఒకడుగు వెనక్కి వేసి, నావైపు చూసి నవ్వారు. నేను ఆరేళ్ళు కాచుకున్న ప్రశ్న అది. నోరు తెరిచాను. అంతలో ఆ అద్దె గది కళ్ళముందుకొచ్చింది. కప్పు కారుతుందేమో, మొదటి నెల ఒక్క జాకెట్టూ రాదేమో, దారాలు తడుస్తాయేమో. నా నోటినుంచి చిన్నదాని పేరు వచ్చింది.

"ఏందే?" అన్నారు మా ఆయన.

"రాయనీండి" అన్నాను. ఇన్నేళ్ళూ అత్తగారిది పిచ్చి నమ్మకమని తిట్టుకున్నాను. నమ్మనిదానికి అంత కడుపుమంట ఎందుకు ఉంటుంది?

ఇంటికొచ్చేసరికి చిన్నది హారతి పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంది. మిషనుకి బొట్టు పెట్టి, "ఈసారి నీ పేరు మీదే కదక్కా?" అంటూ బిల్లు తీసుకుని చూసింది. నవ్వలేదు.

"నీకూ నా పేరే దొరికిందా అక్కా?" అంది. బిల్లు మడిచి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.