సోమవారం మన్నుకు ఇనుము తగలరాదు

మా ఊళ్ళో సోమవారం ఆదివారం సాయంత్రమే మొదలవుతుంది. దీపం వెలిగించే ముందు ఇంట్లో ఉన్న గడ్డపార, పార, కొడవలి, నాగలి కర్రు అన్నీ కడిగి, పసుపు బొట్టు పెట్టి దేవుడి మూలకు చేరుస్తారు. మంగళవారం తెల్లవారే దాకా వాటిని ఎవరూ ముట్టరు. ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, మన్నుకు ఇనుము తగలనివ్వరు. మా పూర్వీకులు ఎద్దులను తోలుకుంటూ అరవనాట ఈ దిండిగల్ పక్కకు వచ్చి నల్లరేగడిలో నిలబడ్డ కాలం నాటి కట్టుబాటు ఇది. వారమంతా బరువు లాగిన ఎద్దుకూ, చీల్చించుకున్న మన్నుకూ ఒక దినం ఊపిరి. ఇప్పుడు ఎద్దులు ఏ రెండు మూడిళ్ళలోనో ఉన్నాయి. వాటి బదులు ట్రాక్టరుకు బొట్టు పెట్టి నిలబెడుతున్నారు. సోమవారం ఎవరైనా పోతే గుంట తవ్వేవాళ్ళు ఉండరు, శవం మంగళవారం దాకా వాకిట్లో ఉండాల్సిందే.

నేను తుడియలూరులో పంపుసెట్లు చేసే ఒక వర్క్‌షాపులో మోటార్లను పరీక్షించే పనిలో ఉన్నాను. ట్రాక్టరుకు ఏం ఆయాసం వస్తుందని అడిగి, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా చీవాట్లు తినేదాన్ని. కానీ మా ఇంట్లో ఈ విషయం మీద నవ్వు ఎక్కువసేపు నిలవదు. కారణం మా చిన్నాయన, అంటే నాయనకు తమ్ముడు. బోరు వేసే లారీ సోమవారం తప్ప రానంటే, ఆయన సరేనని సోమవారమే బోరు వేయించాడు. మన్ను ఊరుకోదు, కట్టు తప్పిన ఇంటి నుంచి వచ్చే సోమవారంలోపు ఒకరిని అడిగి తీసుకుంటుందని ఊరంతా చెప్పింది. ఆ వారంలోనే మోటారు గదిలో స్విచ్చి మీద చెయ్యి వేసి అలాగే పడిపోయాడు.

నేనప్పుడు బడిలో చదువుతున్నాను. ఇప్పుడైతే నాకు తెలుసు. తీగ మీద తొడుగును ఎలుక కొరికింది, నేల తడిగా ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు. ఇదంతా నాయనకు బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఆమా, నిజమే పాపా. అయితే ఆ ఎలక ఆ వారమే ఏల కొరికె?" అన్నాడు.

నేను వర్క్‌షాపులో చేరాక ఒక ఏడాది ఆగస్టు పదిహేను సోమవారం పడింది. మా అమ్మ అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. ప్రెసిడెంటు అంటే అలాంటిలాంటి ప్రెసిడెంటు కాదు, పేరు ఆమెది, కుర్చీ మా పెద్దనాయనది. నాయనకు అన్న అయిన ఆయన ఏళ్ళ తరబడి ఆ పదవిలో ఉండి, అది ఆడవాళ్ళకు కేటాయించాక ఇంటి కోడలిని నిలబెట్టాడు. కాగితాల మీద అమ్మ సంతకం పెట్టేది, మిగతాదంతా ఆయన చూసుకునేవాడు. జెండా కూడా ఆయనే ఎగరేసేవాడు, అమ్మ పక్కన పూలపళ్ళెం పట్టుకునేది. ఊళ్ళో ఎవరికీ ఇందులో వింత కనబడలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆ ఏడు పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్రెసిడెంటు ఎవరో వాళ్ళే ఎగరెయ్యాలి, ఫొటో తీసి పంపాలి. అమ్మ ఆ కాగితాన్ని చదివి, మడిచి, నేనే ఎగరేస్తానని చెప్పింది. గొంతు పెంచలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె పెద్దనాయన మాట దాటడం అదే మొదలు.

ఆ మరుసటి వారమే కాలువ పని పేరుతో బడి ముందున్న పాత జెండా కంబాన్ని దిమ్మెతో సహా పీకేశారు. ఎవరు పీకమన్నారో అడగక్కర్లేదు. ఇక జెండా ఎగరాలంటే కొత్త కంబం నాటాలి, కంబం నాటాలంటే మన్ను తవ్వాలి, సోమవారం మన్ను తవ్వరాదు. మా పెద్దనాయన చదివింది తక్కువే గాని, పొలం గట్టు జరిపినా మనకు తెలియకుండా జరుపుతాడు.

నేను శనివారం ఉదయం ఊరు చేరాను. సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి పెట్టింది, ఆయన దాన్ని ముట్టలేదు.

"డెల్లీవాళ్ళకు సోమవారం తప్ప ఇంగొక దినమే దొరకలేదా?" అన్నాడు.

"సుదందిరమే ఆడి మాసంలో వచ్చె బావా. ఇంగ దినం చూసి ఏం లాభం?" అంది అమ్మ.

ఆ స్వాతంత్ర్యం వచ్చిన ఆడి మాసంలో మా పక్క ఎవరూ ఏ శుభకార్యమూ తలపెట్టరు. నేను పక్కున నవ్వాను. పెద్దనాయన నవ్వలేదు. అమ్మ వైపు చూడకుండా నాయనతో మాట్లాడాడు.

"సోమవారం మన్ను తవ్వితే ఏమవుతాదో నీకన్నా ఇంగెవరికి తెలుసురా తమ్ముడా? అది ఒక పక్క ఉండనీ. పిల్లోళ్ళు చానా కోపంగా ఉండారు. మీ ఇంటిది ఆ కంబం తావ నిలబడినాక రాయో కట్టో ఎగిరితే, నేను చెయ్యి అడ్డం పెట్టను. ముందే చెప్పేస్తిని."

లేచి వెళ్ళిపోయాడు. నాయన తల ఎత్తలేదు. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. తమ్ముడిని పాడె మీదికి ఎత్తిన రోజు కూడా ఆ ముఖం అలాగే ఉంది.

"ఊరకుండు మే. ఈ ఒక్క తూరి ఆయన్నే ఎగరెయ్యనీ," అన్నాడు నాయన.

"ఈ ఒక్క తూరి, ఈ ఒక్క తూరి అని నాకు తల నెరిసె," అంది అమ్మ. "సోమవారం తవ్వేదానికి నాకేమన్నా పైత్యమా? ఆదివారం దీపం ముందే తవ్వేస్తాము. కట్టుబాటూ ఉంటాది, కొడీ ఎగురుతాది."

కొడి అంటే జెండా. అమ్మ చెప్పినదాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం నాయనే పార, గడ్డపార తీసుకుని వచ్చి బడి ముందు గుంట తవ్వాడు. ఆయన తవ్విన గుంట ఎప్పుడూ చక్కగా ఉంటుంది. సవుకు కొయ్య దించి సరిచూసి, మళ్ళీ తీసి ఇంటికి మోసుకొచ్చాం. ఆడి గాలికి మసాలా నూరే అమ్మిరాయి కూడా ఎగురుతుందంటారు, రాత్రంతా కొయ్యను గాలికి వదిలెయ్యడం మంచిది కాదని నాయనే అన్నాడు. గుంట మీద పలక కప్పి వచ్చాం. తర్వాత ఆయన పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి మూలకు చేర్చాడు. అమ్మ దీపం పెట్టింది. సోమవారం మొదలైంది.

ఆ సాయంత్రం పిల్లలకు పంచడానికి ముట్టాయిలు కొందామని నేను కొట్టుకు వెళ్ళాను. సీసా నిండా కనబడుతున్నాయి. కొట్టామె నా వెనక రోడ్డు వైపు చూసి, "అయిపాయె పాపా," అంది. టీ కొట్టు ముందు కూర్చున్న మగవాళ్ళు నేను దాటేంతవరకు మాటలు ఆపేశారు. ఇంటికి వచ్చేసరికి హెడ్మాస్టరమ్మ ఫోను చేసిందట, జ్వరం, రేపు రాలేనని. ఆమె జ్వరం పాపం జెండా పండుగ చూసుకునే వచ్చింది. అమ్మ చీరకు ఇస్త్రీ చేసుకుంది. నాకు మాత్రం వద్దని అమ్మను పట్టుకుని ఆపేద్దామా అనిపించింది. కానీ అలా చేస్తే నేనూ పెద్దనాయన పక్షమే అవుతాను.

పొద్దున్నే అమ్మా నేనూ కొయ్య మోసుకుని బడికి వెళ్ళాం. నాయన వెనకాల వస్తానన్నాడు. బడి ముందు అప్పటికే జనం గుంపు కట్టారు. పలక పక్కన పడి ఉంది. గుంట లేదు.

రాళ్ళూ మట్టీ వేసి నిండుగా పూడ్చేశారు. పైన నున్నగా తట్టిన మట్టి మీద పార వీపు ముద్రలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దీపం పెట్టాక, రాత్రి, ఎవరో పార పట్టారు. సోమవారం తప్పింది.

కుర్రాళ్ళు నలుగురైదుగురు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో నిజంగానే రాళ్ళున్నాయి. కానీ వాళ్ళు అమ్మను చూడడం లేదు, ఆ ముద్రలను చూస్తున్నారు. పెద్దనాయన ముఖం కూడా పాలిపోయింది. మనిషి ఎంత కపటి అయినా, మన్ను విషయంలో ఆయన భయం అసలైనదే.

"ఎవరు రా చేసింది?" అని అరిచాడు. "ఏ ఇంటోళ్ళు?"

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ నిన్న రాత్రి తన ఇంట్లోంచి ఎవరు బయటికి పోయారో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది. ఒక ముసలామె మనవడిని లాక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టింది. నేను బడి వంటింట్లోంచి కొబ్బరి చిప్పలు తెచ్చాను. ఇనుము కాదు కదా, ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. నల్లరేగడి తడిగా ఉంటే బంక, చేతిని వదలదు. రాళ్ళు తగిలి అమ్మ గోరు ఒకటి చీలింది. సాయానికి ఒక్కరూ రాలేదు. నాయన ఎప్పుడు వచ్చాడో, దూరంగా ప్రహరీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కూడా రాలేదు. మొగుడై ఉండి రాడేమిటని నాకు మండిపోయింది.

చివరికి కొయ్య నిలిచింది. గుంట పూడ్చడానికి వేసిన రాళ్ళే చుట్టూ దట్టించాం. అమ్మ మట్టి చేతులను చీర చెంగుకు తుడుచుకుని తాడు లాగింది. ఆడి గాలి జెండాను ఒక్కసారిగా అందుకుంది. వచ్చిన కొద్దిమంది పిల్లలు పాట పాడారు. ఒక కుర్రాడి చేతిలోంచి రాయి కింద పడిన చప్పుడు వినిపించింది. విసిరింది కాదు, జారింది. నేను ఫొటో తీశాను. జనం ఎవరి దారిన వాళ్ళు, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని దేవుడికి దండం పెట్టుకోవడానికి వెళ్ళాను. మూలన మా పార గోడకు ఆనించి ఉంది. దాని అంచుకు నల్లటి మట్టి, ఇంకా పూర్తిగా ఆరలేదు. పసుపు బొట్టు చెరిగి పిడి మీదికి పాకింది. నిన్న సాయంత్రం నాయన దాన్ని కడిగి పెట్టడం నేను కళ్ళారా చూశాను.

వెనక్కి తిరిగితే అమ్మ.

"తెల్లారి దీపం పెట్టేటప్పుడే చూస్తిని," అంది మెల్లగా.

అంటే అక్కడికి వెళ్ళేముందే ఆమెకు తెలుసు. తెలిసీ అందరి ముందూ ఒక్క మాట అనకుండా చేతులతో తోడింది. నాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన గోళ్ళలో కూడా అదే మట్టి.

"గుంట లేకుంటే నువ్వు తిరిగి వచ్చేస్తావనుకుంటిని," అన్నాడు. "వాళ్ళు రాయేస్తే నీకు తగులుతాది. మన్నైతే, తప్పింది నేనే కదా, నన్ను తీసుకుంటే తీసుకోనీ అనుకుంటిని."

తమ్ముడిని మన్ను మింగిందని నమ్మే మనిషి ఆయన. ఆ మన్ను మీద రాత్రి వేళ ఒంటరిగా పార పట్టుకుని ఎలా నిలబడ్డాడో తలచుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పిరికివాడని పొద్దున తిట్టుకున్నాను. పిరికివాడే. ఆ పిరికితనంతోనే వెళ్ళి అంత పని చేశాడు.

అమ్మ పారను కడిగి, మళ్ళీ పసుపు పెట్టి, ఉన్నచోటే ఆనించింది.

మధ్యాహ్నం నేను పొలంలో మోటారు గదికి వెళ్ళాను. మెయిను కట్టేసి, తీగలన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాను. స్విచ్చి కింద రబ్బరు పట్టా పరిచాను. అంతా సరిగ్గా ఉంది. వర్క్‌షాపులో అయితే కళ్ళు మూసుకుని పాస్ చేసేదాన్ని. మళ్ళీ మొదటి నుంచి చూశాను.

సాయంత్రం కరెంటు వచ్చింది. అరటికి నీళ్ళు పెట్టాలి, నీళ్ళు కడితే మన్నుకు తప్పేమీ లేదు. నాయన కండువా దులుపుకుని లేచాడు.

"వచ్చే సోమవారం దాకా మోటారు గదికి మీరిద్దరూ రావద్దు. నేనే పోతా," అన్నాడు.

"మీరు ఒకరే ఏల పోతారు?" అంది అమ్మ, చెప్పులు తొడుక్కుంటూ. "ఇద్దరమూ పోదాం."

నేను వాళ్ళ వెనకే గట్టు మీద నడిచాను. గది చిన్నది, ముగ్గురు పట్టరు, గుమ్మం బయటే నిలబడ్డాను. లోపల నాయన స్విచ్చి వైపు చెయ్యి చాచాడు. అమ్మ ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది, గోరు చీలిన వేలికి కట్టు కట్టిన చెయ్యి. ఇద్దరూ ఒకేసారి ముట్టకూడదు, ఒకరికి కొడితే ఇద్దరూ పోతారు, వర్క్‌షాపులో కొత్తవాళ్ళకు నేను చెప్పే మొట్టమొదటి పాఠం అదే. అరవబోయాను. ఆ చేతులను చూసి అరవలేకపోయాను.

మోటారు మొదలైన చప్పుడు వినబడే దాకా నేను ఊపిరి తీసుకోలేదు.