బిచ్చయ్య ఉస్తాద్ వేసిన నలుపు

నాకు కార్లంటే పడదు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు రోజూ నడిచిపోయే గుమాస్తాను. వానాకాలంలో నా తెల్ల పైజామా మీద బురద చల్లి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోయినవన్నీ కార్లే. అలాంటివాణ్ని ఒక కారు గురించి, అందులోనూ దాని రంగు గురించి రాస్తున్నానంటే ఆ పాపం నాది కాదు, రాజనర్సుది.

అరవై ఎనిమిదో అరవై తొమ్మిదో, ఏడాది సరిగ్గా గుర్తు లేదు. నాంపల్లిలో జనార్దన్ గారింటి మేడ మీద గదిలో కిరాయికి ఉండేవాణ్ని. ఆయనకు అబిడ్స్‌లో బట్టల దుకాణం. కింద పెంకుల షెడ్డులో వాళ్ల నాన్న కొన్న నల్ల కారొకటి, ఆ పెద్దమనిషి పోయిన నాటినుంచి ఎనిమిదేళ్లుగా దుప్పటి కప్పుకుని పడి ఉంది. ఆ ఏడు దసరా వెళ్లిన రెండో ఆదివారం నుమాయిష్ మైదానంలో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే జనార్దన్ గారికి దాని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంజను దింపించి మెకానిక్ దగ్గర బాగు చేయించారు. పాత రంగు గీకించి కొత్తది వేయిద్దామనుకున్నారు. ఎందుకైనా మంచిదని ముందు రాజనర్సును పిలిచి చూపించారు.

నలభై అయిదేళ్ల సన్నటి మనిషి. కార్ల రంగుకు మెరుగు పెట్టడమే ఆయన పని. గుండీలు లేని బనీను వేసుకొచ్చాడు. గుండీ తగిలితే రంగు మీద గీత పడుతుందట. చేతికున్న వెండి కడియం తీసి గూట్లో పెట్టాడు. దుప్పటి లాగేశాక కారు వంక చూడనైనా చూడలేదు. కళ్లు మూసుకుని, పిల్లలకు జ్వరం చూసినట్టు వేళ్ల వెనక వైపుతో బానెట్‌ను నిమిరాడు. తర్వాత దాన్ని పైకెత్తి లోపలి అంచు తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయాడు.

"సాబ్, గీ రంగు గీకకున్రి," అన్నాడు. "గిది మా బిచ్చయ్య ఉస్తాద్ ఏసిన నలుపు. గీడ జూడున్రి, ఆయన బొటనవేలు."

నిజమే. ఆరిన రంగులో ఒక వేలిముద్ర ఉంది. రాజనర్సుకు పని నేర్పిన ఆ ఉస్తాద్ ఏ బండికి రంగు వేసినా, తడి ఆరకముందే ఎవరికీ కనపడనిచోట అలా వేలు ఒత్తేవాడట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన చేతి మీద మెరిసిన బండ్లలో కొన్ని తుక్కుకు పోయాయి, తక్కినవాటి మీద కొత్త రంగులొచ్చి పడ్డాయి. మిగిలింది ఇదొక్కటే. రాజనర్సు తన జీవితంలో మొదటిసారి మెరుగు పెట్టిందీ దీనికే.

జనార్దన్ గారు బానెట్ దించి ముందు భాగం చూపించారు. నడిమధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ, వెలవెలపోయి ఉంది.

"రంగు మంచిదే. మరి గీ మచ్చ ఏంది? గిట్లాంటి బండిని నలుగురి ముందల ఎట్ల నిలవెడ్త? దసరా పొద్దుటికల్ల ఇది పోవాలె. పోకుంటే తెల్లారి స్ప్రే షెడ్డుకు పంపుడే."

"పోతది సాబ్," అన్నాడు రాజనర్సు. అనకుండా ఉండాల్సింది.

మర్నాటినుంచి మొదలైంది తపస్సు. ఎండ తగిలితే మందు ఎండిపోతుందని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు బండిని షెడ్డు ముందు వేపచెట్టు నీడకు తోసుకుని పని. పాత ధోవతి ముక్కకు మెరుగు మందు అద్ది అరచెయ్యంత జాగాలో చిన్న చిన్న సున్నాలు చుట్టేవాడు. ఆ జాగా అయ్యాక పక్క జాగా. నేను ఆఫీసుకు పోయేటప్పుడు కారు తలుపు దగ్గర ఉన్నవాడు, వచ్చేటప్పటికీ ఆ తలుపు దగ్గరే ఉండేవాడు. మనిషి ఇక్కడ, మనసు ఆ నలుపులో ఎక్కడో.

"నలుపుల్నే సూస్తుండున్రి సార్, ఎంత లోతున్నదో," అన్నాడొకరోజు.

చూశాను. నా మీసాలు కనిపించాయి. ఆ మాటే చెప్తే నవ్వాడు. కానీ మూడోనాటికి ఆ తలుపులో వేపకొమ్మ కనిపించింది. నాలుగోనాటికి కొమ్మ మీద పావురాలు, మేడ మీద నేను ఆరేసుకున్న ఎర్ర తువ్వాలు, దాని వెనక ఆశ్వయుజ మాసపు తేలిక మబ్బులు. స్టేషన్లో రైలు కూత వేస్తే, ఆ మబ్బులు కూతకే కదిలినట్టు బానెట్ మీదుగా జారి, మడ్‌గార్డు వంపులో సాగి, నేల దగ్గర మాయమయ్యేవి. టీ చల్లారిపోతున్నా అక్కడే నిలబడేవాణ్ని. పని ఎగ్గొట్టి మబ్బులు చూడాలంటే తల పైకెత్తితే చాలు. నేను మాత్రం తల దించుకుని కారులో చూసేవాణ్ని.

రాజనర్సుకు అందులో ఉస్తాద్ కనిపించేవాడట. "నా యెనక నిలవడి చూస్తుంటడు సార్. తిరిగి జూస్తే ఉండడు. మళ్ల నలుపుల జూస్తే ఉంటడు." ఇది ఏమాత్రం వింత కాదన్నట్టు చెప్పేవాడు.

ఆయన భార్య పూలమ్మ సాయంత్రం జొన్నరొట్టె కట్టుకొచ్చేది. మొగుడి వాలకం చూసి నాతో మొరపెట్టుకునేది. "ఇంట్ల గిన్నెలు సుత గిట్లనే రుద్దుతడు సార్. నాతోని మాట్లాడుమంటే చెంబుతోని మాట్లాడ్తడు. గా సాబ్‌కే లేని రంధి ఈయనకేంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటూనే రొట్టె ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టేది. చేతులకు మందు ఉంది కదా మరి.

బండి అంతా నిగనిగలాడింది. మచ్చ ఒక్కటే కదల్లేదు. చుట్టూ ఎంత మెరిస్తే అది అంత ఎక్కువగా కనిపించింది. రోజూ పని అయ్యాక దాని మీద వేళ్లు పెట్టి చూసి, కడియం తొడుక్కుని వెళ్లిపోయేవాడు.

దసరా ముందురోజు సాయంత్రం. మచ్చ మీదే చెయ్యి తిరుగుతోంది. నలుపులో పావురాలు లేచాయి. వాటి వెంట రాజనర్సు చూపు పోయింది, చూపు వెంట మనసు పోయింది, చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. నేను మెట్లు దిగి వచ్చేసరికి నేల మీద కూలబడి ఉన్నాడు. మచ్చ మధ్యలో నువ్వుగింజంత ఎర్రటి చుక్క. నలుపు అరిగిపోయి, దాని కింద వేసే ఎర్ర అస్తరు బయటపడింది.

"ముప్పై ఏండ్లాయె సార్, ఏ బండికీ అస్తరు చూపియ్యలే," అన్నాడు. "ఉస్తాద్ బండికే చూపించిన." చంటిపిల్లవాడిలా ఏడ్చాడు.

"జర నల్ల బూట్ పాలిష్ అద్దరాదా? ఎవరికి తెలుస్తది?" అన్నాను. గుమాస్తా బుద్ధి.

కళ్లు తుడుచుకుని నన్ను జాలిగా చూశాడు. "ఉస్తాద్ చూస్తడు గద సార్."

దసరా పొద్దున తలంటుకుని, ఉతికిన బనీనుతో, పూలమ్మను వెంటబెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. జనార్దన్ గారు ముందు ఇంజను వేసి చూశారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ చప్పుడు ఇంట్లోకి పోయింది. జనార్దన్ గారి తల్లి విద్యావతమ్మ వెనక గదిలోంచి వచ్చింది. భర్త పోయాక ఆమె పండగ పూట ముందు వాకిట్లోకి రాగా నేనెప్పుడూ చూడలేదు. తను ఎదురుపడితే మంచిది కాదని ఆమే తప్పుకునేది. ఆ రోజు మాత్రం చప్పుడు చెయ్యి పట్టి లాక్కొచ్చినట్టు షెడ్డు గుమ్మం దాకా వచ్చి, బానెట్ వంక చూసి ఆగింది.

"బొట్టు ఎవరు పెట్టిన్రు?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. జనార్దన్ గారు సీట్లోంచే ముందుకు వంగి చూశారు. గుండ్రటి మచ్చ, మధ్యలో ఎర్ర చుక్క.

"అది బొట్టు గాదమ్మా," రాజనర్సు తల దించుకున్నాడు. "తప్పు నాదే. మచ్చ తియ్యబోయి అస్తరు దాక రుద్దిన."

"మచ్చ అంటవేంది బిడ్డా?" ఆమె దగ్గరికొచ్చింది. "ఇరవై రెండు దసరాలు నిమ్మచెక్కకు కుంకుమ అద్ది గీ జాగలనే ఒత్తిన. గింత కూడ అటు ఇటు పోనియ్యకపోతుంటి. తుడువనియ్యకపోతుంటి. ఆయన నవ్వుతుండె." బొటనవేలు మచ్చ మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. వెంటనే కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నిమ్మపులుసు తిన్న రంగు అది. వారం రోజులు రుద్దితే పోతుందా? రాజనర్సు మొహంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. పూలమ్మ పూజకని తెచ్చిన సంచిలోంచి నిమ్మకాయ తీసి, కోసి, ఒక చెక్కకు కుంకుమ అద్ది ఆమె ముందు పట్టాడు.

"నేనా?" ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నేను పెట్టొద్దు బిడ్డా."

"మీ చెయ్యి బండికి ఎరికేనమ్మా. ఇంకొకరు పెడ్తే గా జాగల కూసోదు."

ఆమె కొడుకు వైపు చూసింది. జనార్దన్ గారు ఇంజను ఆపేశారు. కారు దిగి, రాజనర్సు చేతిలోని నిమ్మచెక్క తీసుకుని, తల్లి అరచేతిలో తనే పెట్టారు. "పెట్టమ్మా," అన్నారు. అంతే అన్నారు. ఆమె వంగి ఒత్తింది. గింత కూడా అటు ఇటు పోలేదు.

కారు స్ప్రే షెడ్డుకు పోలేదు. ప్రదర్శనకు మాత్రం నేనూ పోయాను, కొత్త పైజామా తొడుక్కుని మరీ. మార్కులేసే పెద్దమనిషి బొట్టు కింద పరకాయించి చూసి, "ఈ మచ్చ ఒక్కటీ తీయించి ఉంటే మొదటి బహుమతి మీదే," అన్నాడు.

"గది మచ్చ గాదు సాబ్, మా అమ్మ చెయ్యి," అన్నారు జనార్దన్ గారు.

బహుమతి రాలేదు. ఆ తర్వాత ఏటా దసరాకు రాజనర్సే వచ్చి మెరుగు పెట్టేవాడు. బండి అంతా మైనం పూసేవాడు, ఆ రూపాయంత జాగా మాత్రం వదిలేసేవాడు. అక్కడికొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి, ఇంట్లోకి తిరిగి, "అమ్మా, నా పని అయింది. ఇగ మీరు రాన్రి," అని పిలిచేవాడు.